మాకు నల్లగౌన్లు తొడిగిన రోజు

పట్టాలిచ్చే సభ ఆదివారం పొద్దున పెట్టారు. ముందురోజు నాకు రెండో షిఫ్టు పడింది. రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మర్నాడు ఒళ్లు నా మాట వినదు. ఐసు నీళ్లకి వేళ్లు కొయ్యబారిపోతాయి. గంబూట్లలో నానిన మడమలు నేల మీద ఆనించగానే మండుతాయి. మంచం మీద లేచి కూర్చుని, నేను వెళ్లనని మా ఆయనతో చెప్పేశాను.

ఆయన చెరువుల రైతులకి రొయ్యల మేత అమ్ముతారు. ఆదివారమైనా ఫోను మోగుతూనే ఉంటుంది. ఒక ఫోను పెట్టేసి, ఇంకోటి ఎత్తేలోపు నావైపు చూశారు.

"ఇన్నాళ్లు చదివిందెందుకే మరి? వెళ్లి ఆ కాయితం తెచ్చుకో."

"తెచ్చి ఎవరికి చూపించాలండి ఇప్పుడు?"

ఆయన రెండో ఫోను ఎత్తారు. సంగతి ఆయనకి తెలుసు.

నేను ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని. రొయ్యలు వలిచే ఆడవాళ్ల బల్లలన్నీ నా అజమాయిషీలో ఉంటాయి. కొన్నేళ్ల కిందట మా మేనేజరుగారు పిలిచి, "ఎంబీయే ఉంటే నిన్ను అసిస్టెంట్ మేనేజరుగా వేయమని పైకి చెబుతానమ్మా, మామూలు డిగ్రీతో ఇంతకన్నా ఎదగలేవు," అన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే యానాంలో ఒక స్టడీ సెంటరు తెరిచారు. అక్కడ ఎంబీయే చెబుతారు, పట్టా మాత్రం విదేశీ యూనివర్సిటీది. పాఠాలు ఫోనులో వస్తాయి, ఆదివారాలు ఇక్కడ క్లాసు ఉంటుంది, పరీక్షలు ఇంటి నుంచే కంప్యూటరు మీద రాయాలి. నేను చేరానని తెలిసి మా వీధి చివరి మామయ్యగారు ఆపి మరీ అడిగారు. వాళ్ల నాన్నగారు ఫ్రెంచివాళ్ల కొలువులో చేసినాయన.

"ఏమ్మా, ఫ్రాన్సుదేనా?"

"కాదండి మామయ్యా, వేరే దేశం."

"అయితే మరెందుకు?" అని ఆయన వెళ్లిపోయారు. యానాంలో విదేశమంటే ఒకటే దేశం ఆయనకి.

మొదటి ఆదివారం క్లాసులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఫరంపేటలో ఉంటుంది. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. పొద్దున చర్చిలో పూజ ముగించుకుని, ఆ తెల్లచీరతోనే నేరుగా క్లాసుకి వచ్చేది. రిటైరు కావడానికి ఎంతో కాలం లేదు. నేను అక్కా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఈ వయసులో ఈ చదువుతో నీకేం పనక్కా అని ఒకరోజు అడిగేశాను.

"పాండిచ్చేరి నుంచి ఒక ఆఫీసరు వస్తాడు, ఏదో నిర్ణయిస్తాడు. మనం దాని కింద సంతకం పెడతాం. ఇంకో ఆఫీసరు వచ్చి అది మార్చేస్తాడు. మళ్లీ సంతకం పెడతాం. నా సర్వీసంతా ఇలాగే అయిపోయింది. అసలు వీళ్లు ఎలా ఆలోచిస్తారో తెలుసుకుని దిగిపోదామని," అంది.

మేమిద్దరం ఆమె మేడ మీద చదువుకునేవాళ్లం. షిఫ్టు అయ్యాక వెళితే, నా చేతుల వాసనకి ఆమె పిల్లి వచ్చి నా ఒళ్లో కూర్చునేది. నాకు లెక్కలు వచ్చు గానీ ఇంగ్లీషు నోట తిరగదు. ఆమెకి ఆఫీసు ఇంగ్లీషు దండిగా ఉంది గానీ స్టాటిస్టిక్స్ అంటే దడ. అలా ఒకరినొకరం లాక్కొచ్చాం. పుస్తకం తెరిచి, అలసటకి ఇద్దరం ఊరికే కూర్చున్న సాయంత్రాలే ఎక్కువ.

రెండో ఏడాది పరీక్షలు గోదావరి వరదలో పడ్డాయి. నీళ్లు ఫరంపేట వీధుల్లోకి వచ్చేశాయి. మా ఇంట్లో కరెంటు లేదు. అక్క ఇంట్లో ఇన్వర్టరు ఉందని, మా ఆయన నన్ను మోకాలి లోతు నీళ్లలో నడిపించి తీసుకెళ్లి ఆమె మెట్ల మీద దింపారు. ఆ పరీక్షకి ఒక నియమం ఉంది. కెమెరాలో మన మొహం కనబడుతుండాలి, గదిలో రెండో మనిషి ఉండకూడదు, మాటలు వినబడకూడదు. ఎక్కడో ఆ దేశంలో కూర్చున్న ఒకాయన మనల్ని చూస్తుంటాడు. అందుకని అక్క పడకగదిలో, నేను వంటగదిలో కూర్చున్నాం.

సగం రాశామో లేదో కింద వీధిలోకి పడవలు వచ్చాయి. మంచినీళ్ల ప్యాకెట్లు, పాలు పంచేవాళ్లు ఇంటింటికీ కేకలు వేస్తున్నారు. నా తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. గదిలో మనుషుల గొంతులు వినబడుతున్నాయి, ఇలాగైతే పరీక్ష ఆపేస్తామని. ఏమని జవాబివ్వాలో ఇంగ్లీషులో తోచలేదు. ఆఖరికి కంప్యూటరు రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కెమెరాని వీధివైపు తిప్పాను. ఎర్రటి నీళ్లు, పడవ, దాంట్లో నిలబడి పాల ప్యాకెట్లు విసురుతున్న మనిషి, ఎదురింటి గోడ మీద వరసగా కూర్చున్న కోళ్లు. కాసేపటికి తెర మీద ఒక్క ముక్క వచ్చింది. కొనసాగించండి అని. కూర్చుని మిగతాది రాశాను. పక్కగదిలో అక్క ఏం చేసిందో తర్వాత చెప్పింది. తనకీ అదే హెచ్చరిక వచ్చిందట. "వరద, దయచేసి గమనించగలరు అని ఆఫీసు మెమోలా కొట్టి పంపాను. ఊరుకున్నారు," అంది.

ఆ పరీక్షలో ఇద్దరం గట్టెక్కాం. స్టాటిస్టిక్స్ అక్క రెండోసారి రాసి గట్టెక్కింది. ఇక పట్టా రావడమే తరువాయి అనుకుంటుంటే, సభకి సరిగ్గా వారం ముందు మా ఫ్యాక్టరీలో కొత్త అసిస్టెంట్ మేనేజరు దిగాడు. వైజాగు వైపు కుర్రాడు, మర్యాదస్తుడు. నా గురించి పైకి చెబుతానన్న మేనేజరుగారు నాతో, "పైవాళ్ల నిర్ణయమమ్మా, నా చేతిలో లేదు. అతనికి పని నేర్పించు," అన్నారు. సరేనండి అన్నాను. వారమంతా నేర్పిస్తూనే ఉన్నాను.

అందుకే ఆ ఆదివారం మంచం దిగబుద్ధి కాలేదు. ఇంతలో వీధిలో ఆటో ఆగింది. అక్క లోపలికి వచ్చి నన్ను చూసింది, మా ఆయన్ని చూసింది. బీరువా తెరిచి ఒక చీర తీసి మంచం మీద వేసింది.

"ఇదెప్పుడు కట్టావు ఆఖరిసారి? రా, కట్టుకో. నేనొక్కదాన్నే ఆ మెట్లెక్కలేను."

"నాకు ఓపిక లేదక్కా."

"నాకు మాత్రం ఉందా? ఆటోవాడు నిలబడ్డాడు, రా."

సభ ఒక ఫంక్షన్ హాల్లో. లోపల ఏసీలు తిరుగుతున్నా ఉక్క తగ్గలేదు. హైదరాబాదు నుంచి అట్టపెట్టెల్లో వచ్చిన నల్లగౌన్లు మడతల మీదే ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. అక్క పొట్టి మనిషి. గౌను నేల ఊడుస్తుంటే, నేను మోకాళ్ల మీద కూర్చుని పిన్నీసులతో అంచు పైకి ఎత్తి కుట్టినట్టు పెట్టాను. టోపీలతో ఇంకో తంటా. ముడి ఉన్నవాళ్లకి టోపీ నిలవదు. పూలు పెట్టుకొచ్చిన ఆడవాళ్లందరూ వాటిని తీసి సంచుల్లో వేసుకుంటున్నారు. గౌను చెమటకి ఒంటికి అంటుకుపోయింది. నా అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సబ్బుతో ఎంత కడిగినా రొయ్యల వాసన అలాగే ఉంది.

పట్టాలివ్వడానికి ఆ యూనివర్సిటీ నుంచి వస్తానన్న మేడమ్ రాలేదు. తెర మీద కనిపించింది. వాళ్ల దేశంలో ఇంకా తెల్లారినట్టు లేదు. వెనక టేబుల్ లైటు వెలుగుతోంది. గౌను కింద స్వెట్టరు కనబడుతోంది. కళ్ల కింద నాకున్నట్టే నల్లటి చారలు. పేర్లు చదివింది. ఒక్క పేరూ మాకు అర్థం కాలేదు. ఎవరి పేరు పిలిచిందో తెలియక ఇద్దరేసి లేచి నిలబడుతుంటే, స్టడీ సెంటరు నడిపే మాస్టారు పక్కన నిలబడి మళ్లీ పిలిచారు. పట్టా అందుకున్నాక ప్రతివాళ్లూ మైకులో ఒక్క మాట చెప్పాలన్నారు. ఈ చదువు మీ జీవితంలో ఏం మార్పు తెచ్చిందని. ఒకతను బ్యాంకులో పదోన్నతి వచ్చిందన్నాడు. ఒకావిడ ధైర్యం వచ్చిందంది. మాస్టారు అవన్నీ ఇంగ్లీషులో చెబుతుంటే తెర మీద మేడమ్ తల ఊపుతోంది.

నా వంతు వచ్చింది. అబద్ధం చెబుదామనే అనుకున్నాను. నోరు తెరిస్తే అది రాలేదు.

"మార్పేమీ రాలేదండి. నాకిస్తామన్న ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చారు. నేనే అతనికి పని నేర్పుతున్నాను. చాలా అలసటగా ఉందండి."

మాస్టారు తెరకేసి తిరిగి, నేను ఎంతో సంతోషంగా ఉన్నానని, యూనివర్సిటీకి కృతజ్ఞతలు చెబుతున్నానని ఇంగ్లీషులో చెప్పారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. పోనీలే, దిగిపోదామని తిరిగాను. వెనక వరసలో నిలబడ్డ అక్క ముందుకొచ్చి మైకు అందుకుంది.

"అది కాదండి మాస్టారూ. ఆవిడ అన్నది అది కాదు."

తరువాత నేనన్నది అన్నట్టుగా, పొల్లు పోకుండా, తన ఆఫీసు ఇంగ్లీషులో తెరకేసి చెప్పింది. మేడమ్ కళ్లద్దాలు తీసింది. ఇంతకాలం చదివినందుకు బాధపడుతున్నావా అని నన్ను అడిగింది. అక్క తెలుగులో చెప్పింది.

"లేదండి," అన్నాను. "ఇదివరకు మా ఫ్లోరులో ఎవరు ఏం నిర్ణయిస్తున్నారో, ఎందుకో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. తెలిశాక చూస్తూ ఊరుకోవడమే కష్టంగా ఉంది."

అక్క అదీ చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పినందుకు సంతోషమని మేడమ్ అంది. తరువాతి పేరు చదివింది.

భోజనాల దగ్గర మాస్టారు మా బల్ల దగ్గరికొచ్చారు. మంచి మనిషి, సభ కోసం నాలుగైదు రోజులుగా తిరిగి తిరిగి మొహం పీక్కుపోయి ఉంది.

"అలా అనేశారేంటమ్మా? కొత్త బ్యాచికి ఎవరైనా చేరతారా ఇంక?"

"చేరతారు లెండి," అంది అక్క, ఆయన కోసం పక్క విస్తట్లో కాజా వేస్తూ. "ముందు మీరు కూర్చుని తినండి. పొద్దున్నుంచి ఏం తినుండరు."

ఆయన కూర్చున్నారు. ముగ్గురం కలిసి తిన్నాం. మర్నాడు నేను షిఫ్టుకి వెళ్లాను.

ఆ సభ వల్ల నాకేదో ఒరిగిందని చెప్పను. కొన్ని నెలల తరువాత, మా ఆయన దగ్గర మేత కొనే రైతులు కొందరు కలిసి అడవిపొలం ఊరి వైపు ఒక చిన్న ప్రాసెసింగు షెడ్డు పెట్టుకున్నారు. నడపడానికి మనిషి కావాలన్నారు. నా పట్టా వాళ్లెవరూ చూడలేదు. పాత ఫ్యాక్టరీ మానేసి అక్కడ చేరాను. హోదా పెద్దది, పని ఇంకా పెద్దది. ఇంటికొచ్చేసరికి ఇదివరకటికన్నా ఆలస్యమవుతోంది.

చేరిన మొదటి నెలలో రెండు విషయాలు అడిగాను. వలిచే ఆడవాళ్లు షిఫ్టంతా నిలబడి చేయక్కర్లేకుండా ఎత్తు స్టూళ్లు వేయించమన్నాను. చంటిపిల్లలున్నవాళ్లకి సాయంత్రం షిఫ్టు వేయొద్దన్నాను. కూర్చుంటే పని నడవదన్నారు రైతులు. ఒక బల్లకి మాత్రం వేసి చూద్దామండి అన్నాను. ఆ బల్ల దగ్గర మధ్యాహ్నం తరువాత కూడా పని మందగించలేదు. అది చూశాక మిగతా బల్లలకీ వేయించారు. షిఫ్టుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అడిగినప్పుడల్లా చూద్దామమ్మా అంటారు.

అక్క రిటైరయింది. ఒకరోజు షెడ్డు చూస్తానని వచ్చి, స్టూళ్ల మీద కూర్చున్న ఆడవాళ్ల మధ్య కాసేపు నిలబడింది. తిరిగి వెళ్లేటప్పుడు గేటు దగ్గర అడిగింది.

"షిఫ్టుల గురించి మళ్లీ ఎప్పుడు అడుగుతావు?"

"సోమవారం మీటింగుందక్కా."

"అడుగు," అని ఆటో ఎక్కింది.