గుండీల డబ్బాకు పడ్డ పని

మా వీధి చివర లాండ్రీ ఆవిడను అందరూ మరకలక్క అంటారు. చొక్కా బల్ల మీద పడగానే అది సిరానో, నూనెనో, భార్యకు చెప్పకుండా బయట తాగొచ్చిన కాఫీనో చెప్పేస్తుంది. అయినా తొందరపడి మందు వెయ్యదు. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి, బట్ట తట్టుకుంటుందో లేదో చూస్తుంది. ఒకసారి ఆ చుక్క వెయ్యకుండానే భర్త ఒక నల్లకోటును బూడిద రంగుకు తెచ్చాడు. అప్పటి నుంచి మరకలు ఆవిడవి, ఇస్త్రీ పెట్టె, ఊడిన గుండీలు ఆయనవి.

ఆవిడకు కొన్నేళ్లుగా లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలు ఇంటివాళ్ల మీదే కర్ర ఎత్తే జబ్బు అది. మొదట బుగ్గలు కందాయి, వేళ్లు పట్టేశాయి.

"ఊళ్లోవాళ్లతో పోట్లాట చాల్లేదా, సొంత ఒంటితో కూడానా?" అన్నాడు భర్త.

"మీతో వేగి వేగి చెయ్యి తిరిగింది" అంది.

మాత్రలతో అన్నీ తగ్గాయి. తగ్గాయి కాబట్టి ఇక ఏమీ లేదని ఆవిడ తీర్మానించుకుంది. ఈసారి రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుంది.

"సొంత డీఎన్‌ఏ మీదికే పోయే యాంటీబాడీలు మళ్లీ బాగా పెరిగాయమ్మా. ఇవి పెరిగితే కొందరిలో కిడ్నీలు దెబ్బతింటాయి. నీకు దెబ్బతిన్నాయని కాదు, వెంటనే చూడమని అర్థం."

"నాకు ఏ నొప్పీ లేదు కదండీ!"

"కిడ్నీలు అరిచి చెప్పవు. రేపు పొద్దున్నే ఈ డబ్బాలో మూత్రం పట్టి తీసుకురా."

డబ్బా గట్టిది. మూత బిగుతు, లోపలున్నది బయటికి కనిపిస్తుంది. అలాంటి వస్తువు లాండ్రీలో ఖాళీగా కూర్చోదు. సాయంత్రానికల్లా దాన్నిండా గుండీలు చేరాయి. ఆవిడ సంగతే మరిచిపోయింది, లేదా మరిచిపోయినట్టు తిరిగింది.

తర్వాతి వారం డాక్టరమ్మ తన తెల్లకోటు కోసం దుకాణానికే వచ్చింది. చూపు బల్ల మీద ఆగింది.

"ఇది నేనిచ్చిన డబ్బా కదూ?"

భర్త వేలాడే చొక్కాల వెనక్కి తప్పుకున్నాడు.

"కడిగే వేశానండీ గుండీలు" అంది మరకలక్క.

డాక్టరమ్మ నవ్వలేదు. "మూత్రంలో నురగ వస్తోందా?"

"మా ఇంట్లో నురగ రానిదేదో చెప్పండి! బాత్రూం నిండా నానేసిన బట్టలే. ఈయన మాట్లాడినా నురగే."

"అయితే సబ్బు లేని ఇంట్లో ఒకసారి చూసుకో. ఏం కనిపించినా సరే, రేపు డబ్బా నా దగ్గరికి రావాలి. గుండీలు లేకుండా."

సబ్బు చుక్క కనపడని బాత్రూం ఆవిడ ఎరుకలో ఒక్కటే ఉంది, ఆడపడుచుది. ఆ మహాతల్లి బాత్రూంలోకి వెళ్లేవాళ్లను కాళ్లు తుడుచుకోమంటుంది, వచ్చేవాళ్లను అనుమానంగా చూస్తుంది. పనిలేకుండా గడప తొక్కని వదినగారు వచ్చి నేరుగా అటు నడిచేసరికి, ఆడపడుచు తలుపు బయటే కాపలా నిలబడింది.

"వదినా, నీళ్లు పోశావా?"

"పోశాను."

"మరి రావేం?"

లోపల మరకలక్క వంగి చూస్తోంది. నీళ్లు పోసినా నురగ పోలేదు. ఇంకో చెంబు పోసింది. సబ్బు నురగ ఎలా విరుగుతుందో చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. ఇది అలా విరగడం లేదు. మరకను చూసీ చూడనట్టు ఇన్నాళ్లు ఉతుకుతూ పోయింది తానే.

బయటికొచ్చి, "అమ్మాయ్, కాస్త కూర్చుంటాను" అంది. ఆడపడుచు కాళ్లు తుడుచుకోమనలేదు.

మర్నాడు డబ్బా వెళ్లింది. మూత్రంలో ప్రొటీన్ పోతోందని, ఆ నురగ దానిదేనని తేలింది. ఎంత దెబ్బతిందో చూడ్డానికి కిడ్నీ నుంచి సూదితో దారప్పోగంత ముక్క తియ్యాలంది డాక్టరమ్మ. భర్త ముఖం పాలిపోయింది.

"మీరెందుకండీ హడలిపోతారు? లోపలి కుట్టు దగ్గర చుక్క వేసి చూడ్డమేగా" అంది మరకలక్క. అంటూనే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దెబ్బ ఉంది, కానీ తొలిదశలోనే దొరికింది. మందులు మారాయి. ఆ డబ్బాకు పరీక్షల పనే ఖాయమైంది. గుండీలు రంగులన్నీ కలగలిసి భర్త జేబులోకి వచ్చిపడ్డాయి.

మొన్న ఒక పెద్దమనిషి చొక్కా చేత్తో పట్టుకుని గొడవకొచ్చాడు. "ఇదేంటయ్యా, తెల్ల చొక్కాకు ఎర్ర గుండీ?"

"క్షమించాలండీ" అన్నాడు భర్త, ముఖం వెలిగిపోతుండగా. "మా ఆవిడకు ఈ నెల నురగ తగ్గింది."