చప్పుడు లేని మాటలు

హెడ్లీ థార్ప్ అన్న పేరు దేశంలో పదిమందికి కూడా తెలియదు. మొహం మాత్రం అందరూ ఎరిగినదే. రైల్లో ఎదుటి సీటులో కూర్చున్నవాళ్ళు కాసేపు తేరిపార చూసి, "మీరు మా ఊరి బ్యాంకులో పనిచేశారు కదండీ?" అని అడిగేవాళ్ళు. కాదంటే నొచ్చుకుంటారని హెడ్లీ, "అవునండీ, చాన్నాళ్ళ క్రితం" అని ఒప్పేసుకునేవాడు. పోలీసు జవాను, పాదిరి, బస్సు కండక్టరు, మొదటి అంకంలో శవాన్ని చూసి కెవ్వుమనే తోటమాలి, ఒక్కోసారి ఆ శవం: అతనికి దొరికే వేషాలన్నీ ఇలాంటివే. నాటకంలో గోడలా, తలుపులా అతనూ ఉండాల్సిన మనిషి. ఉంటే ఎవరూ గమనించరు, లేకపోతే కథ నడవదు.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో నెల్సన్ అనే నేత మిల్లుల ఊరు అతనిది. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చి వచ్చి, హెడ్లీకి ఊహ తెలియకముందే పోయాడు. తల్లి నెల్లీ చిన్నపిల్లగా ఉన్నప్పుడే మిల్లులో చేరింది. నాలుగు మగ్గాలు ఒక్కతే చూసుకునేది. వందల మగ్గాలు ఒకే కప్పు కింద దడదడలాడే ఆ మోతలో మనిషి గొంతు పనికిరాదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చప్పుడు లేకుండా మాట్లాడుకునేవారు. ఒక్కో మాటనీ పెదవులతో బొమ్మ గీసినట్టు గీసేవారు. కనుబొమలు, బుగ్గలు, గడ్డం అన్నీ అందులో పాలు పంచుకునేవి. ఆ మాటకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'మీమా'. ఎవరి కడుపు పండిందో, ఎవరి మొగుడు జీతమంతా తాగేశాడో, ఆ కబురంతా షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి మేస్త్రీ ముక్కు కిందగానే దాటిపోయేది.

నలభై ఏళ్ళు వచ్చేసరికి నెల్లీ చెవులు పూర్తిగా పోయాయి. ఇంట్లో కూడా మీమాయే అయింది. హెడ్లీ బళ్ళో అక్షరాలు దిద్దకముందే తల్లి పెదవులు చదవడం నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు పెద్దదైన అక్క ఐవీ కూడా బడి మాని ఆ మిల్లులోనే చేరింది. తమ్ముణ్ణి మాత్రం తల్లీ కూతుళ్ళిద్దరూ మిల్లు గడప తొక్కనివ్వలేదు.

చాపెల్‌లో, అంటే వాళ్ళ పేటలోని చిన్న చర్చిలో, వేసిన క్రిస్మస్ నాటకం అతనికి నటన రుచి చూపించింది. రెండో యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఊరూరా తిరిగే నాటక కంపెనీలో చేరాడు. వారానికో కొత్త నాటకం, ఊరికో అద్దెగది, ఎక్కడ చూసినా ఉడికించిన క్యాబేజీ వాసన. పెళ్ళి మాట ఎత్తితే, "ఆదివారం ఏ ఊళ్ళో ఉంటానో నాకే తెలియదు, ఇంకో మనిషికేం చెప్పను" అనేవాడు. దగ్గరి ఊళ్ళలో ఆడితే నెల్లీ వచ్చి ముందు వరసలో కూర్చునేది.

"ఈసారి చస్తావా, బతుకుతావా?" అని ముందే అడిగేది.

"రెండో అంకం దాకా బతుకుతానమ్మా."

"అయితే కోటు విప్పుకుని కూర్చుంటాలే."

నాటకం అయ్యాక తప్పులు చెప్పేది. "వెనక్కి తిరిగి మాట్లాడతావేంట్రా? నాలాంటి చెవిటిది జనంలో ఇంకొకతె ఉండదనుకున్నావా?" అప్పట్నించీ హెడ్లీ జనానికి వీపు చూపించి ఒక్క మాట కూడా పలకలేదు. దర్శకులు అది అతని నేర్పనుకునేవారు.

నలభయ్యోపడిలో లండన్‌లో ఒక టీవీ హాస్య ధారావాహికలో చిన్న వేషం దొరికింది. అద్దెగదుల ఇంట్లో ఉండే టాటర్సాల్ అనే ముసలి పనిలేనివాడు. రెండే మాటలు. ఇంటి యజమానురాలు గదిలో ఉండగానే ఆవిడ గురించి పక్కవాడితో చాడీ చెప్పాలి. రిహార్సల్లో ఎన్నిసార్లు గుసగుసగా చెప్పినా ఎవరికీ నవ్వు రాలేదు. విసుగొచ్చి ఒకసారి హెడ్లీ గొంతు ఆపేసి, ఆ మాటను వట్టి పెదవులతో పలికాడు. కనుబొమలు నుదుటి పైకి వెళ్ళాయి, నోరు ఈ చెవి నుంచి ఆ చెవికి సాగింది, చివర తల రెండుసార్లు ఊగింది. కెమెరా పట్టుకున్నవాడు నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాడు.

నిర్మాత లయొనెల్ గార్సైడ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా అది? ఎక్కడ పట్టావు?"

"మా ఊళ్ళో అలా మాట్లాడతారు."

"ఎవరు మాట్లాడితే మనకేం, అదే కావాలి. ప్రతి వారం కావాలి. నోరు ఇంకాస్త పెద్దది చెయ్యి."

నోరు ఇంకాస్త పెద్దదయింది. ప్రతి వారం ఇంకాస్త. పలకడం అయ్యాక పెదవి మూలల్ని బొటనవేలితో తుడుచుకోవడం చేర్చాడు. అది కూడా నెల్లీ అలవాటే. ఆ సంగతి అతనికి తట్టలేదంటే అబద్ధం. తట్టింది. కానీ చుట్టూ అంతమంది నవ్వుతుంటే దాన్ని పట్టించుకునే తీరిక లేకపోయింది. ఇరవయ్యేళ్ళు ఎవరూ గమనించని మనిషికి నవ్వు మామూలు మందు కాదు.

ఈస్టర్‌కి ఇంటికి వెళ్ళాడు. స్టేషన్ నుంచి ఇంటిదాకా పిల్లలు వెంటపడి నోళ్ళు సాగదీసి వెక్కిరించారు. అతనికి ముచ్చటేసింది. ఇంట్లో నెల్లీ బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె చేసి, ఎర్ర క్యాబేజీ ఊరగాయ తీసి పెట్టింది. కొడుకు చెంప నిమిరింది. ఏదో అడగబోతూ అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. అడిగేదంతా ఆ చేతి వెనకే అడిగింది.

"పంటి నొప్పా అమ్మా?"

ఆవిడ తల అడ్డంగా ఊపి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

పెరట్లో ఐవీ తడిబట్టలు తీగమీద వేస్తోంది. హెడ్లీ వెళ్ళి దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు. "అమ్మకి పన్ను సలుపుతున్నట్టుంది. డాక్టరుకి చూపించకపోయావా?"

"పన్ను కాదు, నువ్వు" అంది ఐవీ.

అతనికి అర్థం కాలేదు. ఐవీ దుప్పటి దులిపి తీగమీదకి విసిరింది.

"పక్కింటి మిసెస్ పిల్లింగ్ వాళ్ళింట్లో టీవీ ఉందిగా. మా షెడ్డు వాళ్ళందరం వెళ్ళాం నిన్ను చూడ్డానికి. అమ్మ చాపెల్‌కి వేసుకునే టోపీ పెట్టుకొచ్చింది. నువ్వు కనపడగానే అందరికంటే ముందు నవ్వింది. ఆ తర్వాత నువ్వు నోరు తిప్పావు. అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కళ్ళే అమ్మ వంక చూశారు. అప్పటికి ఆవిడకి తెలిసింది, దేన్ని చూసి నవ్వుతున్నారో."

"నేను అమ్మని వెక్కిరించలేదు, ఐవీ. ఒట్టు."

"నాకు తెలుసు. నువ్వు చెబితే వింటాను, నాకింకా కాస్త వినపడుతుంది. ఆవిడకి కనపడిందే తెలుసు."

హెడ్లీ లోపలికి వెళ్ళి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. గొంతు ఎత్తకుండా, చిన్నప్పటిలాగే పెదవులతో, ఆ వేషం మానేస్తానని చెప్పాడు. నెల్లీ అతని నోటి వంక ఒక్క క్షణం చూసి చూపు పక్కకి తిప్పుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే, తనకే వినపడని ఆ మొరటు గొంతుతో పైకే అంది: "పిచ్చివాడా, కూడు పెట్టేదాన్ని మానుకుంటారా ఎవరన్నా? మగ్గం నా చెవులు తినేసింది. మానేశానా?"

లండన్ వెళ్ళాక గార్సైడ్‌ని అడిగాడు. టాటర్సాల్‌ని ఇకనుంచి మామూలుగా మాట్లాడనివ్వమన్నాడు.

"మామూలుగా మాట్లాడే ముసలాళ్ళు బయట వీధి నిండా ఉన్నారు, హెడ్లీ. వాళ్ళని చూడ్డానికి టీవీ ఎందుకు?" అన్నాడు గార్సైడ్. "నోరు మూస్తావో, వేషం మానేస్తావో నీ ఇష్టం. రెండూ ఒకటే."

హెడ్లీ మానలేదు. తల్లే చెప్పింది కదా అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. ధారావాహిక ఆరేళ్ళు నడిచింది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా నెల్లీ పలకరించేది, వండిపెట్టేది, స్టేషన్ దాకా సాగనంపేది. చెయ్యి మాత్రం నోటి మీద నుంచి కదిలేది కాదు. మాంసం కొట్టువాడితోనూ అంతే, చాపెల్‌లోనూ అంతే. వాళ్ళకి ఆవిడ సగం మాటలు అర్థమయ్యేవి కావు. క్రమంగా అడగడం మానేశారు. క్రమంగా ఆవిడా చెప్పడం మానేసింది.

ఒక ఫిబ్రవరిలో నెల్లీకి పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది. ఎడం చెయ్యి కూడా పైకి ఎత్తే ఓపిక లేదు. హెడ్లీ వచ్చేసరికి ఆసుపత్రిలో గోడవారగా ఉన్న మంచంమీద పడుకుని ఉంది. ఏదైనా చెప్పాలంటే మొహం గోడకి తిప్పుకునేది. ఐవీ మంచానికీ గోడకీ మధ్య సందులో ఇరుక్కుని నిలబడి ఆ పెదవులు చదివేది. హెడ్లీ కూడా ఒకసారి ఆ సందులోకి వెళ్ళాడు. నెల్లీ కళ్ళు మూసుకుని పెదవులు బిగించింది.

అతను ఇవతలికి వచ్చాక ఆవిడ ఏదో అంది. ఐవీ తల ఊపింది.

"ఏమంది?" అన్నాడు హెడ్లీ.

"నీకు ఎవరన్నా టీ ఇచ్చారా అని అడుగుతోంది."

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పోయింది.

చాపెల్ నిండా నేతపనివాళ్ళు వచ్చారు. పాదిరి మాట్లాడుతుంటే నాలుగు వరసల అవతల నుంచి ముసలమ్మలు ఒకరికొకరు పెదవులతో కబుర్లు చెప్పుకుంటున్నారు. 'నెల్లీ ఎంత చిక్కిపోయిందో', 'ఆ పిల్ల ఐవీ ఒక్కతే చేసిందంతా' అని హెడ్లీకి ఓరకంటికే తేటగా తెలుస్తోంది. అతను తల తిప్పి చూడగానే పెదవులన్నీ ఆగిపోయాయి. మళ్ళీ పాదిరి వైపు తిరిగేదాకా ఒక్కటి కదల్లేదు. తర్వాత అందరూ అతని చెయ్యి పట్టుకుని మర్యాదగా, నోటితో, గట్టిగా పలకరించి వెళ్ళారు. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు.

టాటర్సాల్ ఆ ఏడాదే ముగిసింది. తర్వాత కొన్నేళ్ళు హెడ్లీకి పనే లేదు. ఎక్కడికి వెళ్ళినా, "మీరు లోపలికి రాగానే జనం నవ్వుతారు, మాది ఏడుపు కథ" అనేవారు. చివరికి రోజలిండ్ కీన్ అనే కుర్ర దర్శకురాలు పిలిచింది. టీవీ కోసం తీస్తున్న నాటకం. మిల్లు మూతపడ్డాక ఏం చెయ్యాలో తోచని చెవిటి ముసలాడు, అతని కూతురు.

"ఆ నోరు తిప్పడం నాకొద్దు మిస్టర్ థార్ప్" అంది ఆమె ముందే.

"నాకూ వద్దమ్మా" అన్నాడు హెడ్లీ.

మిల్లు మూసేశారని కూతురు చెప్పే ఘట్టం. ముసలాడు జవాబు చెప్పాలి. కెమెరా తిరుగుతోంది. హెడ్లీ చెయ్యి దానంతటదే పైకి లేచి నోటికి అడ్డం పడింది. చెప్పాల్సిన మాటలన్నీ ఆ అరచేతి వెనకే చెప్పాడు. ఒక్కటీ వినపడలేదు. రోజలిండ్ ఆపమనలేదు. ఆ గదిలో పనిచేస్తున్నవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ప్రసారమయ్యాక పత్రికలు ఆ చేతి గురించే రాశాయి. హాస్యగాడు అనుకున్నవాడు ఇంత నటుడా అన్నాయి. యాభై దాటాక మొదటిసారి అతనికి బహుమతి వచ్చింది.

ఆ బహుమతి పెట్టె సంచిలోంచి తియ్యకుండానే నెల్సన్ వెళ్ళాడు. ఐవీ తలుపు తీసి, అతనికి కుర్చీ చూపించి, తను నిలబడే ఉంది.

"చూశావా?"

"చూశాను. చాలా బాగా చేశావు. నా కోపమంతా అదే." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ముందు అమ్మ నోరు పట్టుకుపోయావు. దాచుకోడానికి చెయ్యి మిగిలింది. ఇప్పుడు దాన్నీ పట్టుకుపోయావు. ఇంకేం ఉంచావురా ఆవిడకి?"

"నేను కావాలని చెయ్యలేదు, ఐవీ. అదే వచ్చింది."

"తెలుసు. నీకన్నీ అవే వస్తాయి."

ఆ రాత్రి అక్కడ ఉండకుండానే తిరుగు రైలెక్కాడు. పొగడ్తలతో పాటు పెద్ద వేషాలు కొన్ని వచ్చాయి. చెవిటివాడి పాత్ర ఏది వచ్చినా వద్దన్నాడు. కారణం అడిగితే విసుగని చెప్పేవాడు. మళ్ళీ పాదిరి, మళ్ళీ తోటమాలి. అక్కా తమ్ముళ్ళ మధ్య క్రిస్మస్ కార్డులు తప్ప చాలాకాలం మరేం లేదు.

అతనికి అరవై దాటాక ఒకసారి కార్డు రాలేదు. హెడ్లీ కంగారుపడి వెళ్ళాడు. ఐవీ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుని నెలరోజులుగా మంచంలో ఉంది. వంట ఎవరో పొరుగువాళ్ళు తెచ్చి పెడుతున్నారు. హెడ్లీ మళ్ళీ లండన్ వెళ్ళింది గది ఖాళీ చెయ్యడానికే.

అప్పటికి ఐవీకి బొత్తిగా వినపడదు. అతను చెవి దగ్గర వంగి గట్టిగా అరిచేవాడు, లేదా పెదవులు కదిలీ కదలనట్టు నెమ్మదిగా మాట్లాడేవాడు. ఒక వారం ఓపిక పట్టి, ఒకరోజు ఐవీ చెంచా పళ్ళెంలో పడేసింది.

"ఏం గొణుగుతున్నావు? సూప్‌లో ఉప్పు వేశావా లేదా అంటే అరగంట నుంచి చేపలా నోరు తెరుస్తున్నావు. సరిగ్గా చెప్పు."

హెడ్లీ చేతిలో గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత గొంతు ఆపేసి, కనుబొమలెత్తి, ఒక్కో మాటనీ పెదవులతో గీసి చెప్పాడు. ఉప్పు వేశాను, నీ నాలుకే చచ్చింది.

ఐవీ చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆ. ఇప్పుడు వినపడింది" అంది.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఐవీ అతన్ని క్షమించానని ఎప్పుడూ అనలేదు. అతనూ అడగలేదు. వాళ్ళ మాటలన్నీ బొగ్గు గురించీ, మిసెస్ పిల్లింగ్ పిల్లి గురించీ, వానల గురించీ. పాత టీవీ కార్యక్రమాలను గుర్తుచేసుకునేవాళ్ళు ఒకసారి కెమెరాతో వచ్చి, టాటర్సాల్‌ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి చేసి చూపించమని బతిమాలారు.

"మర్చిపోయానండీ, పెద్దవాణ్ణయిపోయాను" అన్నాడు హెడ్లీ.

పొయ్యి పక్కనుంచి అతని పెదవులు చదువుతున్న ఐవీ, "అబద్ధాలకోరు" అని పైకే అంది. ఆమె ఎవరినందో వచ్చినవాళ్ళకి తెలియలేదు.

ఒక అక్టోబరులో ఐవీ నిద్రలోనే పోయింది. చాపెల్‌కి వచ్చినవాళ్ళు పదిమంది కూడా లేరు. మిల్లుల్లో పనిచేసినవాళ్ళు అసలే లేరు. పాదిరి కుర్రవాడు, ఆ ఊరికి కొత్త. అతను మాట్లాడుతున్నంతసేపూ హెడ్లీ వెనక వరసల్లోని మొహాలు చూస్తూ కూర్చున్నాడు. అందరూ నోళ్ళు మూసుకుని బుద్ధిగా వింటున్నారు.

ఇంటికి వచ్చి దీపం వేసి, రెండు కప్పులకి సరిపడా నీళ్ళు కాచాడు. వేడివేడి టీ ఒకటి తాగాడు. రెండోది పారబోయబుద్ధి కాక, చల్లారాక అదీ తాగేశాడు.