దోన్ ఎలిసెయో వడదెబ్బ

దోన్ ఎలిసెయో లరాల్దేకు చచ్చిపోవడం ఒక అలవాటు. మామూలు రోజుల్లో పొద్దున ఒకసారి, కార్ల పందెం ఉన్న వారంలో పూటకొకసారి పోయేవాడు.

ఆయన కారు బాగోగులు చూసే మెకానిక్ నజరేనో. కారింజను ఆగిన సందర్భాల కంటే కారుగలాయన గుండె ఆగిన సందర్భాలే ఎక్కువని అందరికీ చెప్పి నవ్వించేవాడు.

"నజరేనో, నాడి చూడు."

"కొట్టుకుంటోంది దోన్ ఎలిసెయో."

"ఎలా?"

"భేషుగ్గా."

"అదేనయ్యా నా భయం. ఆరేముందే గదా దీపం భేషుగ్గా వెలిగేది!"

పందెంలో కూడా అంతే. అద్దంలో వెనకొచ్చే కారును చూసుకోవాల్సింది పోయి, నాలుక చాచి దాని రంగు చూసుకునేవాడు. వెనకున్నవాడు అది తనను వెక్కిరించడమనుకుని, పందెం అయ్యాక చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చేవాడు. "కొట్టు బాబూ, ఎలాగూ పోయేవాణ్ణే," అని ఈయన చెంప చూపిస్తే, పాపం, వాడే కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించి పోయేవాడు.

ఆ ఏడాది మొదటి పందెం, ఎప్పటిలాగే, జనవరిలో బ్యూనస్ ఎయిర్స్‌లో. ఐరోపా జట్లన్నీ ఓడలెక్కి వచ్చాయి. అక్కడ జనవరంటే నడివేసవి; ఎండకు రోడ్డు మీది తారు పాకంలా సాగుతోంది. ఆ రోజుల్లో డ్రైవరు అలిసిపోతే మధ్యలో కారు ఇంకొకరికి ఇవ్వవచ్చు. దోన్ ఎలిసెయో సగంలోనే పోతాడని ఆ చుట్టుపక్కల మెకానిక్కులంతా పందేలు కాశారు.

చిత్రమేమిటంటే ఆయన ఐదో స్థానంలో ఉరుకుతున్నాడు. జన్మలో అంత ముందుకు వచ్చింది లేదు.

అదే పందెంలో దిగిన ఫెర్మిన్ అనే అతని పని మాత్రం రెండో చుట్టుకే అయిపోయింది. అతను తాందిల్ అనే ఊళ్ళో బస్సు నడుపుతాడు. ఏళ్ళ తరబడి సొంత చేతులతో పందెం కారు తయారుచేసుకున్నాడు. అతన్ని చూడ్డానికి వాళ్ళ వీధి వీధంతా రైలెక్కి వచ్చింది. తల్లి దోన్యా కసిల్దా ఎండలో నల్లగొడుగు వేసుకుని కూర్చుంది. ఇంజను కాస్తా పొగ కక్కి ఊరుకుంది. పక్క జట్టు యజమాని జాలిపడి, "మా కారు కాసేపు నడుపుతావా?" అన్నాడు.

"ముష్టి అక్కర్లేదు!" అని ఫెర్మిన్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

దోన్ ఎలిసెయో పెట్రోలుకు ఆగినప్పుడు నజరేనో అదంతా చెప్పాడు. ఆయన ఆ గోడవైపు ఒక్క క్షణం చూశాడు. గుండె పట్టుకున్నాడు.

"నజరేనో, నేను పోతున్నా."

"ముందు పెట్రోలు పోయనివ్వండి, తర్వాత పోదురుగాని."

కానీ ఆయన అప్పటికే కారులోంచి కిందకు జారాడు. "ఫెర్మిన్! తమ్ముడూ! పిల్లలు గలవాణ్ణి, వడదెబ్బ కొట్టింది! నేను పోతే పోయాను, కారు పరువు దక్కించు!"

ఆయనకు పిల్లలు కాదు గదా, పెళ్ళే కాలేదు. నజరేనో నోరు తెరవబోతే కాలు తొక్కాడు.

ఫెర్మిన్ ఒక్క దూకులో కారెక్కాడు. "మీ కోసమే సుమండీ, నా కోసం కాదు!"

"నా కోసమేరా తండ్రీ, పో, పో!"

నజరేనో ఐసుముక్కలు తీసుకుని వెళ్ళేసరికి శవం టైర్ల వెనక కూర్చుని సాసేజి పెట్టిన రొట్టె తింటోంది.

"ఐదో స్థానమండీ! ఇన్నేళ్ళకు!" నజరేనోకు ఏడుపొక్కటే తక్కువ.

"నన్ను చూడ్డానికి ఎవరొచ్చారయ్యా? అతనికి ఊరు కదిలొచ్చింది. ఊరికే ఇస్తే పుచ్చుకోడు, చచ్చేవాడి మాట తోసెయ్యలేడు. ఆ ఐసు ఇలా తే, సోడాలో వేసుకుంటా."

అప్పుడు నజరేనోకు నిరుడు ఎక్కడో దూరాన కోర్దోబాలో ఆయన పోయిన వైనం గుర్తొచ్చింది. బ్యూనస్ ఎయిర్స్ డాక్టరైతేనే బతుకుతానని పట్టుబట్టి, నజరేనో చేతే కారు తోలించుకొచ్చి, సరిగ్గా నజరేనో ఇంటిముందు తేరుకున్నాడు. లోపల అతని భార్యకు పురిటినొప్పులు మొదలై ఉన్నాయి. అదంతా దైవికమనుకుని నజరేనో ఇన్నాళ్ళూ గుడిలో కొవ్వొత్తులు వెలిగిస్తున్నాడు.

ఫెర్మిన్ ఏడోవాడుగా వచ్చాడు. తాందిల్ వాళ్ళు మొదటివాడొచ్చినంత గోల చేశారు. అతను హెల్మెట్ కూడా తియ్యకుండా తల్లిని వెంటబెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మావాడు నీ ప్రాణం కాపాడాడట గదా నాయనా! అయ్యో, కళ్ళు చూడు ఎలా పీక్కుపోయాయో!" దోన్యా కసిల్దా సంచిలోంచి సీసా తీసింది. "మా ఊరి ఆకుల కషాయం. మొత్తం తాగెయ్యి."

దోన్ ఎలిసెయో ఒక గుక్క మింగాడు. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. జబ్బులన్నీ ఇష్టమే గానీ ఆయన ఏనాడూ ఏ మందూ ముట్టలేదు.

"నాకేం లేదమ్మా," అన్నాడు, జన్మలో మొదటిసారి. "దున్నపోతులా ఉన్నాను. ఒట్టు!"

"పోయేముందు అందరూ అలాగే అంటారు నాయనా. ఫెర్మిన్, తల పట్టుకో. నువ్వు, అబ్బాయ్, ఆ ముక్కు మూసిపెట్టు."

నజరేనో చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఎంతో శ్రద్ధగా ముక్కు మూసి పట్టుకున్నాడు.