చల్లారని సంచి

తిరువూరులో డిసెంబరు చలి గొప్పగా చెప్పుకునేంతటిది కాదు. తెల్లవారుజామున ఒక దుప్పటి, పొద్దెక్కాక ఫ్యాను. ఆ సంగతి శౌరయ్య పాదాలకు మాత్రం ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. మంచం మీద లేచి కూర్చున్న దగ్గర్నుంచీ ఆయనది ఒకటే గోల.

"అమ్మాయ్, కాళ్లు ఐసైపోయినయ్యి. కాస్త కాపడం పెట్టవా?"

అమ్మాయ్ అంటే కోడలు ప్రేమావతి. యాభై దాటిన మనిషి, ఎ.కొండూరు వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరు. ఆమె బస్సు బస్టాండులో ఎవరి కోసమూ ఆగదు. ఈలోగా కుక్కరు దించాలి, కూర తిరగమోత పెట్టాలి, క్యారేజీ సర్దాలి, చీర కుచ్చిళ్లు పెట్టుకోవాలి. వీటన్నిటి మధ్యా మూకుట్లో రాళ్ల ఉప్పు వేయించి, పాత గుడ్డలో మూట కట్టి, మామగారి పాదాలకు అద్దాలి. పోనీ ఒకసారి అద్దితే తీరిపోతుందా? ఆమె వంటగదిలోకి వెళ్లి గరిటె పట్టుకునేలోపే మళ్లీ కేక.

"అమ్మాయ్, చల్లారిపోయింది!"

మళ్లీ మూకుడు, మళ్లీ ఉప్పు, మళ్లీ కేక. ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. పైగా ఆయన ఊరికే ఉండడు. "మీ అత్త పెడితే ఎంత హాయిగా ఉండేదో" అంటాడు. అత్త పిచ్చమ్మ పోయి ఏడాది దాటింది. ఉన్నన్నాళ్లూ ఈ పని ఆవిడదే. వేయించిన మూటను ముందు తన చెంపకు ఆనించుకుని, తర్వాత ఆయన పాదాలకు అద్దేది. ఆవిడకు బస్సు లేదు, హాజరు పట్టీ లేదు. భర్త జోజిబాబును సాయం అడిగితే, "నువ్వైతే బాగా పెడతావ్" అని ఇంటి ముందున్న తన జిరాక్సు షాపు తాళాలు తీసుకుని జారుకునేవాడు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ప్రేమావతికి ఒళ్లు మండేది.

ఒకరోజు పదో తరగతిలో వేడి పాఠం చెబుతోంది. విశిష్టోష్ణం గురించి నల్లబల్ల మీద రాసి, ఏటా చెప్పే మాటే చెప్పింది. ఒకే బరువున్న నీళ్లనూ ఉప్పునూ ఒకే మేర వేడెక్కించాలంటే నీళ్లకు దాదాపు ఐదు రెట్లు వేడి పోయాలి. అలాగే చల్లారాలన్నా అంత వేడినీ నీళ్లు బయటికి వదలాలి. అందుకే ఉప్పు త్వరగా చల్లారుతుంది, నీళ్లు అంత త్వరగా చల్లారవు. చెబుతూ చెబుతూ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతూ, తను మాత్రం రోజూ పొద్దున్నే ఉప్పు వేయించుకుంటూ కూర్చుందా? తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే బస్సు దిగి మందుల షాపులో రబ్బరు సంచి కొంది. మర్నాడు నీళ్లు కాచి అందులో పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి అరచేత్తో పట్టుకుని చూసింది. ఫరవాలేదు, చెయ్యి ఓర్చుకుంటోంది. వేడి గిన్నెలను పట్టుకారు లేకుండా దించే చెయ్యి అది. శౌరయ్య పాదాలు ఎత్తి సంచి మీద పెట్టింది. పగలూ రాత్రీ ఊలు మేజోళ్లు తొడుక్కునే ఉంటాడు, వాటిని తియ్యనివ్వడు.

"ఇది తొందరగా చల్లారదు మామయ్యా. ఇంక నన్ను పిలవక్కర్లేదు."

"అట్లాగా?" అన్నాడాయన, కాస్త చిన్నబోయినట్టుగా.

నిజంగానే పిలవలేదు. ప్రేమావతి ప్రశాంతంగా వంట ముగించింది, తలకు పిన్నులు సరిగా పెట్టుకుంది, బస్సులో కిటికీ పక్కన సీటు సంపాదించింది. చదువుకున్న చదువు ఒక్కసారైనా ఇంట్లో అక్కరకొచ్చిందని మురిసిపోయింది. అలా నాలుగు పొద్దులు హాయిగా గడిచాయి.

శనివారం సాయంత్రం దుప్పటి మారుద్దామని తీస్తే, కాళ్ల వైపు తడిగా తగిలింది. సంచి కారుతోంది! కొని వారం కాలేదు, అప్పుడే చిల్లు. ఎక్కడలేని చిరాకూ ముంచుకొచ్చి, సంచి పట్టుకుని మందుల షాపుకు నడిచింది.

"ఏంటండీ ఈ సరుకు? పక్కంతా తడిసిపోయింది. ముసలాయన తడిలో పడుకుంటున్నాడు."

షాపతను సంచిలో నీళ్లు నింపి, మూత పెట్టి, తలకిందులుగా పట్టుకున్నాడు. రెండు చేతులతో పిండాడు. కౌంటరు మీద కాగితం పరిచి, దాని మీద పెట్టి నొక్కాడు. కాగితం పొడిగానే ఉంది.

"కారట్లేదు మేడమ్. మీరే చూడండి."

ప్రేమావతి చూసింది. సంచి కారకపోతే ఆ తడి ఎక్కడిది? సంచి అక్కడే వదిలేసి ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

మేజోడు తీస్తుంటే మడమ దగ్గర అతుక్కుని రాలేదు. నీళ్లతో తడిపి మెల్లగా తీసింది. మడమంతా బొబ్బ కట్టి, చితికి, రసి కారుతోంది. రెండో కాలికీ ఒకటి, ఇంకా చితకలేదు. శౌరయ్య వంగి, వేరెవరి కాలో చూసినట్టు చూశాడు.

"ఏంటమ్మా అది? నాకేం నొప్పి లేదే."

ఆసుపత్రిలో డాక్టరు కట్టు కడుతూ కోప్పడ్డాడు. షుగరుతో నరాలు దెబ్బతిన్నాయని, ఆ చలి పాదాల్లో లేదని, నరాల్లోనే ఉందని, అలాంటి పాదాలకు వేడి అన్నది తాకించనే కూడదని చెప్పాడు. పుండు మానితే అదృష్టమే, మానకపోతే కాలి సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు. "టీచరు అయ్యుండి..." అని ఆగిపోయాడు. ప్రేమావతి తల దించుకుంది. ఐదు రెట్లు వేడి పట్టి ఉంచే నీళ్లను, కాలుతున్నా తెలియని పాదాల కింద తనే పెట్టి వెళ్లింది. లెక్క తప్పలేదు. లెక్క తప్పి ఉంటే బాగుండేది.

ఆటోలో తిరిగొస్తుంటే శౌరయ్యే ఆమెను ఓదార్చబోయాడు.

"నీ సంచి మంచిదేనమ్మా. అసలు చల్లార్లేదు."

ఆ మాటతో ఆమెకు దుఃఖమూ కోపమూ ఒకేసారి పొంగుకొచ్చాయి. "మీకెట్లా తెలుసు మామయ్యా? ఒళ్లు కాలిపోతుంటేనే తెలియలేదే! మరి ఇన్నాళ్లూ ఉప్పు చల్లారిందని ఎట్లా తెలిసేది? రోజూ నా ప్రాణం తీశారు కదా!"

శౌరయ్య తల తిప్పుకున్నాడు. రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"తెలిసేది కాదులే. చల్లారిందంటే మీ అత్త వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. అందుకని అనేవాణ్ణి. అలవాటైపోయింది."



సోమవారం పొద్దున కుక్కరు రెండో కూత వేసింది. కూర అడుగంటేలా ఉంది. బస్సుకు టైమవుతోంది. మూకుడు అటక మీదికి ఎక్కింది. లోపల మంచం మీద శౌరయ్య కట్లు కట్టిన పాదాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. వాటి కింద ఉప్పూ లేదు, సంచీ లేదు. ఉండుండి మెల్లగా, జంకుతూ పిలిచాడు.

"అమ్మాయ్... చల్లారిపోయింది."

"ఈ ముసలాయనతో నా వల్ల కాదు" అని గొణుక్కుంటూ ప్రేమావతి స్టవ్ కట్టేసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.