మిట్ట ఎక్కాల్సిన కారు

పక్కింటి డ్రైవరుగారిని ముఖం చూసి పలకరించినవాళ్లు మా వీధిలో తక్కువ. సెలవొస్తే చాలు, ఆయన తన పాత కారు కిందే ఉంటారు. బయటికి కనిపించేవి రెండు పాదాలే. పలకరిస్తే బొటనవేలు ఆడిస్తారు. ఈమధ్య ఆ కారుకి పెద్ద ఇంజను బిగించారు. చదునుమీద గుర్రంలా పరుగెత్తింది గానీ, వాళ్లావిడ అక్కగారింటి మిట్ట సగం ఎక్కేసరికి దగ్గి ఆగిపోయింది. అక్క గుమ్మంలో నిలబడి చూస్తుండగా పాపం ఆవిడే దిగి తోశారు.

“పెట్రోలు అందడం లేదే. పంపూ గొట్టమూ పాతవే ఉంచేశాను,” అన్నారాయన.

“కొత్తల్లుడికి ఉగ్గుగిన్నెతో వడ్డిస్తే చాలుతుందాండీ? వచ్చే ఆదివారం కూడా ఆగిందో, పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను. మిమ్మల్నీ కలిపి!”

వారమంతా ఆయన ట్యాంకు దింపి, బలమైన పంపు పెట్టి, లావు గొట్టం వేసి, ఎక్కడైనా కారుతోందేమోనని ప్రతి అతుకూ వాసన చూశారు. ఆదివారం కారు ఒక్క ఊపున మిట్ట ఎక్కేసింది. ఆయన గర్వంగా ఆపబోయారు.

“ఆపకండి!” అన్నారావిడ. “అక్క ఇంకా బయటికి రాలేదు. కిందికి పోయి మళ్లీ ఎక్కించండి.”