ఇరవై ఏడో నంబరు ఊసు లేని ఉత్తరం

మా హౌకియార్వి సరస్సు చుట్టూ నలభై ఒక్క కాటేజీలున్నాయి. వాటి సొంతదారులంతా పట్నాల వాళ్ళు. మే నెలలో దిగుతారు, ఆగస్టు ఆఖరికి పడవలు బోర్లించి, కుళాయిల్లో నీళ్ళు ఖాళీ చేసి, తాళాలేసుకుని పోతారు. ఆ తర్వాత ఇక్కడ ఏ చెట్టు ఎవరి కప్పు మీద పడిందో, ఏ ఎలుక ఎవరి పరుపు కొరికిందో వాళ్ళకి తెలిసేది మా రోడ్డు సంఘం కార్యదర్శి హిల్కా తర్వైనెన్ రాసే చలికాలం ఉత్తరంతోనే. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి. పదకొండేళ్ళుగా ఒక్కటీ తప్పలేదు.

ప్రతి గురువారం ఆవిడ మంచు మీద జారే స్కీలు కట్టుకుని ఒడ్డు వెంబడే తిరిగొస్తుంది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు, పాతికేళ్ళు బడిలో వంట చేసిన మనిషి. ఒక భుజాన ఐసుకి బెజ్జం పెట్టే బర్మా, రెండో భుజాన కొలబద్ద కట్టిన కర్ర. ముందు కాటేజీ నంబరు వేసి, చూసింది చూసినట్టు రాస్తుంది. "9: ఆవిరి స్నానాల గది అటక మీద ముంగిస లాంటిదేదో కాపురం పెట్టింది. చలికి తలదాచుకుంది పాపం, వసంతం దాకా కదిలించకండి. 14: కప్పు మీద మంచు తొడదాకా ఉంది. ఉర్పో సగం దింపాడు, మిగతా సగం నడుం నొప్పని వదిలేశాడు. సరస్సు మీద ఐసు మందం పద్దెనిమిది సెంటీమీటర్లు. మనుషులు నడవొచ్చు, కార్లు వద్దు."

ఆ ఉర్పోని నేనే. నడుం నొప్పి నిజమే, కానీ దాన్ని నలభై ఇళ్ళకి చాటింపు వేయాలా? ట్రాక్టరుతో రోడ్డు మీద మంచు తోసేది నేను. మా పశువుల కొట్టం దగ్గర్నించి సరస్సు చివరిదాకా రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు అది. దాని కొసన ఉన్నది ఇరవై ఏడో నంబరు, హిల్కా ఇల్లు. మొగుడు పోయాక టౌన్లో ఫ్లాటు వదిలేసి ఆవిడ ఏడాది పొడవునా అక్కడే ఉంటోంది.

ఈ జనవరిలో ఉత్తరం రాసి, అచ్చుతప్పులు చూడమని మా ఇంటికి తెచ్చింది. ఎప్పుడూ తెస్తుంది. దాన్ని ఊళ్ళో లైబ్రరీకి పట్టుకెళ్ళి కాపీలు తీయించి, పోస్టులో వేసే పని నాది. కాఫీ తాగుతూ చదువుతున్నాను. ఆఖర్న రోడ్డు సంఘం అధ్యక్షుడు యల్మారి పంపిన ప్రతిపాదన ఉంది. ఆయన తాంపెరె పట్నంలో ఉంటాడు, రిటైరైన సర్వేయరు, చెడ్డవాడేం కాదు. "కొట్టం దాటాక చలికాలంలో ఎవరూ ఉండరు కాబట్టి, అక్కడినుంచి మంచు తోయడం మానేద్దామా? కాటేజీ నంబరు వేసి కార్డు మీద జవాబు రాయండి."

"ఇదేంటి హిల్కా, ఎవరూ ఉండరని రాశావు?" అన్నాను.

"నేను రాయలేదు. యల్మారి రాశాడు. నేను ఎత్తి రాశాను."

"మరి నువ్వెవరివి, దయ్యానివా?"

"కాఫీ చల్లారిపోతోంది చూడు."

"కాఫీ సంగతి తర్వాత. నువ్వు ఇక్కడే ఉంటున్నావని ఆయనకి తెలీదా?"

హిల్కా కాసేపు బల్ల మీద రొట్టె పొడి వేలితో పోగుచేసింది. "నన్నెవరూ అడగలేదు ఉర్పో. మేలో వాళ్ళొచ్చేసరికి నేనుంటాను. ఆగస్టులో పోయేటప్పుడు చెయ్యి ఊపుతాను. వెనకాలే నేనూ పోతాననుకుంటారు కాబోలు. ఇక్కడి కబుర్లు నువ్వు ఫోన్లో చెబితే రాస్తాననుకుంటారేమో."

నాకు ఒళ్ళు మండిపోయింది. కవరు మీద పంపినవాళ్ళ చిరునామాగా సంఘం పోస్టుపెట్టె నంబరే ఉంటుంది, ఉత్తరంలో అందరి ఇళ్ళూ ఉంటాయి, ఇరవై ఏడు మాత్రం ఉండదు. ఇన్నేళ్ళుగా నేను అచ్చుతప్పులు చూస్తున్నాను, ఈ తప్పు నాకూ కనబడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే చిరాకేసింది.

"ఇప్పుడు రాయి. ఒక్క ముక్క. నేనిక్కడున్నాను అని."

"ఉత్తరం రాసే మనిషి ఉత్తరంలో ఉండకూడదు. అయినా నా ఒక్కదాని కోసం అంతమంది రోడ్డు తోయించాలా? నాకు స్కీలున్నాయి."

"డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళు కూడా ఉన్నాయి. పదిహేను రోజులకోసారి రక్తపరీక్షకి నర్సు వస్తుంది కదా, ఆమె కూడా స్కీల మీద రావాలా? పోయినేడు నువ్వు మెట్ల మీద పడ్డప్పుడు అంబులెన్సు దేనిమీద వచ్చింది?"

హిల్కా కాఫీ కప్పు పక్కకి జరిపింది. "టౌన్లో మా చెల్లెలి కూతురింట్లో వెనక గది ఖాళీగా ఉందట. కిటికీలోంచి బస్టాండు కనబడుతుందట," అంది. బంగాళాదుంపలు ఉడికాయి అన్నట్టు చెప్పింది ఆ మాట. ఇరవై ఏడులో ప్రతి దూలమూ ఆవిడా మొగుడూ కలిసి ఎత్తింది.

లేచి కోటు వేసుకుంటూ, "నీ నోటితో ఎవరికీ చెప్పనని మాటివ్వు," అంది. ఇచ్చాను. ఇవ్వకపోతే గుమ్మం దాటేలా లేదు.

నోటితో చెప్పనన్నాను, చెప్పలేదు. లైబ్రరీలో కాపీ మిషను మూత ఎత్తి, ఉత్తరం బోర్లించబోయి ఆగాను. పెన్ను అడిగి తీసుకున్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది, అయినా కింద మిగిలిన చోట్లో కుక్కి రాశాను. "27: పొగ గొట్టంలోంచి రోజూ పొగ వస్తోంది. పదకొండేళ్ళుగా వస్తోంది. లోపల హిల్కా ఉంది. ఈ ఉత్తరాలన్నీ అక్కడ కూర్చునే రాసింది. నర్సు కారు ఆ రోడ్డు మీదే రావాలి. ఇట్లు, ట్రాక్టరు ఉర్పో." తర్వాత బొత్తాం నొక్కాను.

ఆవిడకీ ఒక కాపీ పోతుందని నాకు తెలుసు. పోయింది. మర్నాడే ఫోను.

"నువ్వు చేసిన పనికి నాకు తల కొట్టేసినట్టుంది," అని పెట్టేసింది.

ఆ తర్వాత మంచు మీద మంచు కురిసింది. మామూలుగా అయితే నేను ఇరవై ఏడు దాకా తోసుకుంటూ వెళ్ళేసరికి గేటు గుంజ మీద ఫ్లాస్కు, దాని పక్కన ఏలకుల బన్ను ఉండేవి. ఇప్పుడు ఏమీ లేవు. కిటికీ తెర కదిలేది, మనిషి కనబడేది కాదు. నేనూ మొండివాడినే. వాకిలంతా చీపురుతో తుడిచినట్టు తోసి, హారను కొట్టకుండా వెనక్కొచ్చేవాడిని. నిజం చెప్పొద్దూ, ఆ ఆరు వారాలు నాకు అన్నం సయించలేదు. ఫిబ్రవరి ఉత్తరం కూడా ఆవిడే పోస్టులో వేసుకుంది. అందులో నా నడుం గురించి కూడా ఏమీ లేదు.

మార్చిలో స్కీ సెలవులకి పట్నాల వాళ్ళు కొందరు వచ్చారు. శనివారం పొద్దున ఊళ్ళో అగ్నిమాపక సంఘం హాల్లో రోడ్డు సంఘం మీటింగు. పదిహేను మంది కంటే ఎప్పుడూ రారు, ఈసారి కుర్చీలు చాలలేదు. హిల్కా కార్యదర్శి కాబట్టి ముందు బల్ల దగ్గర మినిట్స్ పుస్తకం తెరుచుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. యల్మారి కార్డుల కట్ట విప్పి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.

"తొమ్మిది. తోయాలి. మాకు తెలీదు హిల్కా, ఏమీ అనుకోకు."

హిల్కా తల ఎత్తకుండా "తోయడానికి అనుకూలం" అని రాసుకుంది.

"ముప్పై ఒకటి. తోయాలి. మా ఇంటి తాళం ఉర్పో దగ్గరుంది, గట్టిగా చలేస్తే మా వెనక గది వాడుకో, అక్కడ పొయ్యి బాగా కాలుతుంది."

"అనుకూలం."

అలా ముప్పై ఏడు కార్డులు చదివాడు. కొన్నింట్లో ఒక్క మాటే ఉంది, కొన్నింట్లో వెనక వైపు కూడా నిండిపోయింది. ముగ్గురు జవాబే ఇవ్వలేదు, వాళ్ళు దేనికీ ఇవ్వరు. ఆఖరి కార్డు దగ్గర యల్మారి ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇరవై ఏడు," అన్నాడు. "అక్కర్లేదు. ఒక్కరి కోసం ఇంతమందికి శ్రమ వద్దు."

హిల్కా "వ్యతిరేకం, ఒకటి" అని రాసి కింద గీత గీసింది.

నేను లేచి నిలబడ్డాను. ఏం అంటున్నానో నాకే తెలీలేదు. "ఆ ఓటు చెల్లదు. కొట్టెయ్యండి."

"ఎవరి ఓటైనా చెల్లుతుంది ఉర్పో, నియమాల్లో ఉంది," అంది హిల్కా. ఆరు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. "తోయడానికి ముప్పై ఏడు అనుకూలం, ఒకటి వ్యతిరేకం. మానేద్దామన్న ప్రతిపాదన వీగిపోయింది. తర్వాతి అంశం?"

యల్మారి తర్వాతి అంశం తీయలేదు. కార్డు బల్ల మీద పెట్టి ఆవిడ వైపు తిరిగాడు.

"పదకొండేళ్ళు నీ ఉత్తరాలు చదివాం హిల్కా," అన్నాడు. "మా ఎలుకల గురించి, మా కప్పుల గురించి. నువ్వెలా ఉన్నావని ఒక్కళ్ళమూ తిరిగి రాయలేదు. ఎలా ఉన్నావు?"

మీటింగులో అన్న ప్రతి మాటా పుస్తకంలో ఎక్కించే మనిషి హిల్కా. ఆ మాట మాత్రం ఎక్కించలేదు. ఎక్కించడానికి నీళ్ళు నిండిన కళ్ళకి కాగితం కనబడితే కదా.