సంచి తెచ్చినవాళ్లకు కొసరు

మా కిరాణా దుకాణం పక్కనుంచే వాననీటి కాలువ పోతుంది. కొనకనమిట్ల రోడ్డు కింద తూములో దూరి, అవతల ఊరికుంటలో కలుస్తుంది. కుంట నిండితేనే దాని కింద బోర్లకు ప్రాణం. మా వైపు ఏడాదికి గట్టి వాన కురిసేది ఒకటి రెండుసార్లే. ఆ నీళ్లు ఆ పూటే కుంటలో చేరాలి. దారి తప్పితే మళ్లీ ఏడాది ఆకాశం వైపు చూడాల్సిందే.

ఇదంతా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఆ దారికి అడ్డం పడ్డాను.

నాయన కాలంలో సరుకులు కాగితం పొట్లాల్లో కట్టేవాళ్లం. తూకం అయ్యాక నాయన గుప్పెడు కొసరు వేసేవాడు. దుకాణం నా చేతికి రాగానే రెండూ మాన్పించాను. మార్కాపురం నుంచి ప్లాస్టిక్ కవర్లు కట్టలకొద్దీ తెచ్చాను. చింతపండుకొకటి, కందిపప్పుకొకటి, అన్నీ కలిపి పట్టుకోవడానికి ఇంకొకటి. ‘కవరు ఊరికే ఇస్తున్నాను, మళ్లీ కొసరెందుకు?’ అనేవాణ్ణి. గిరాకీ పెరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కుంట కింద బత్తాయి తోట ఉన్న రైతును నేను మామా అని పిలిచేవాణ్ణి. ఒక ఏడు పెద్ద వాన కురిసింది. తూముకు కవర్లు అడ్డం పడి నీళ్లు రోడ్డెక్కాయి. పల్లం వెతుక్కుంటూ ఊరి బయటి వాగులో పడి పోయాయి. కుంట అడుగు తడిసిందంతే. ఎండాకాలానికి మామ బోరు ఎండిపోయింది. చెట్లలో సగం ఆయన కళ్ల ముందే మోడయ్యాయి.

ఒకరోజు ఉప్పు కోసం వచ్చి అడిగాడు.

“అంత వాన పడింది గదా అల్లుడా, కుంటకు నీళ్లు రాలేదేంది?”

“వాన చాల్లేదు మామా” అన్నాను.

తూము నోట్లో ఇరుక్కున్న కవర్లను కళ్లారా చూసి వచ్చి ఆ మాట అన్నాను. పైగా ఆయన కొన్న ఉప్పు పాకెట్టును ఒక కవర్లో వేసి మరీ ఇచ్చాను.

తర్వాత పంచాయతీ వాళ్లు చాటింపు వేయించారు, కవర్లు ఊరికే ఇవ్వకూడదని. కవరుకు రెండు రూపాయలు పెట్టాను. జనం మానుకోలేదు. “డబ్బులిచ్చినా గదా, మందంగా ఉండేది ఇయ్యి” అని దబాయించారు. డబ్బు పెట్టి కొన్నది కాబట్టి ఎక్కడ పారేస్తే ఎవరికేం అన్న ధీమా కూడా వచ్చింది. కాలువ అట్లాగే నిండింది, నా గల్లా కూడా నిండింది. వాళ్లు మానుకోనందుకు లోలోపల సంతోషించాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి వెనకాడుతోంది.

మరుసటి ఎండల్లో మామ ఎండిన మోళ్లు తవ్వించి బండికెత్తించాడు. బండి నా దుకాణం ముందునుంచే పోయింది. వెనకే ఆయన వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“ఈసారి కుంట నిండకపోతే మిగిలినయి గూడా కొట్టిచ్చేస్తా. గుంటూరు పోయి ఏ గేటుకాడన్నా వాచ్‌మేన్‌గా కూర్చుంటా.”

ఇక దాచలేకపోయాను. “ఆ ఏడు వాన చాలింది మామా. తూముకు అడ్డం పడింది నా కవర్లే.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “నాకు తెలీదా ఏంది? నేను తూము చూడలేదనుకున్నావా? నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తాండా.” లేచి వెళ్లాడు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రోజు నుంచి కవర్లు ఎట్లా మాన్పించాలా అన్నదే ఆలోచన. దారి చూపించింది వీధి చివరి అవ్వ. పాత చీరతో కుట్టిన సంచి చాపి, “కవరు వద్దు నాయనా. దాని బదులు కొసరెయ్యి” అంది.

“కొసరు ఎప్పుడో మానేసినాం గదవ్వా.”

“మీ నాయన వేసేటోడే! నీ చేతికేమన్నా పుండు లేసిందా?”

దుకాణం ముందున్న వాళ్లంతా నవ్వారు. సిగ్గుపడి గుప్పెడు పుట్నాల పప్పు ఆ సంచిలో పోశాను. పక్కనే కవరు కొనుక్కున్న ఒక అక్క గమ్మున ఊరుకోలేదు.

“మరి నాకేదీ?”

“నీకు కవరుంది గదక్కా.”

“అంటే అవ్వే నీకు చుట్టమా? నేను గాదా?”

మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. రెండు రూపాయలు ఇచ్చేటప్పుడు ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు. పదిమందిలో కొసరు దక్కకపోవడం మాత్రం మనసుకు తగిలింది. మర్నాడు ఆమె కూడా సంచితో వచ్చి, అందరికీ కనపడేటట్టు చాపి పట్టుకుంది.

నాకు అప్పుడు తెలిసివచ్చింది. ‘సంచి తెచ్చినవాళ్లకు కొసరు’ అని మార్కాపురం పలక మీద సుద్దతో రాసి గుమ్మానికి కట్టాను. కవర్లు తేవడం మానేస్తే మిగిలిన డబ్బు కొసరుకు సరిపోయింది. కాలువలోంచి పాత కవర్లు ఏరి మూట కట్టి తెస్తే బెల్లం ముక్క ఇస్తానన్నాను. ఒకాయన త్రిపురాంతకం బస్టాండులో ఏరిన కవర్లు కూడా తెచ్చి, “ఆ ఊరి కవర్లు చెల్లవా ఏంది?” అని తగువేసుకున్నాడు. ఆయనకూ బెల్లం ఇచ్చాను.

తక్కిన దుకాణాల వాళ్లు మొదట మండిపడ్డారు. “కొసరేసి మా గిరాకీ గుంజుకుంటాండావు” అన్నారు. గొడవ పడి లాభం లేదని వాళ్లూ మొదలుపెట్టారు. ఒకరు కరివేపాకు, ఒకరు ఎండుమిరపకాయలు. ఎవరి గుప్పెడు పెద్దదో ఆడవాళ్లు పోల్చి చూసుకునేవాళ్లు. బజారులో కవరు చేతబట్టుకుని నడవడమే నామోషీ అయిపోయింది. వానాకాలం నాటికి తూములో ఈ నోటినుంచి చూస్తే ఆ నోటి వెలుతురు కనిపించింది.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. మామ గోనెపట్టా నెత్తిన కప్పుకుని తూము మీద నిలబడ్డాడు. ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతూ వచ్చి, తూములో దూరి, అవతల హోరున దూకాయి. ఒక్క చుక్క రోడ్డెక్కలేదు. సాయంత్రానికి కుంట నిండి అలుగు పారింది. బజారంతా అరుగుల మీదికి వచ్చి కేకలు పెట్టింది. మామ తడిసి ముద్దయి దుకాణంలోకి వచ్చాడు.

“చక్కెర కట్టు అల్లుడా. ఇంట్లో పాయసమంట.”

“గుడ్డసంచిలో తడుస్తుందే మామా...”

“కవరన్నావంటే కాళ్లిరగ్గొడతా!”

కాగితం పొట్లం చుట్టి చక్కెర పోశాను. నాయన మడతలు నా వేళ్లకు ఇంకా గుర్తున్నాయి. కొసరు గుప్పెడు వేయబోతుంటే ఆయన అడ్డుపడ్డాడు.

“అదేంది? ఎండిపోయిన చెట్లకు గూడా కలిపి ఎయ్యి.”

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. రెండు చేతులా దోసెడు పోసి కట్టాను. పొట్లం సంచిలో పెట్టుకుని, వాన తెరిపిచ్చేదాకా ఉంటానంటూ అరుగు మీద కూర్చున్నాడు. పక్కన నేనూ కూర్చున్నాను. తూములో నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వాన ఆగాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.